ఓపికుందా అని అడిగే ఉద్యోగం

భిలాయిలో ముసలివాళ్లను వెతికి పట్టుకోవడం నా మొదటి ఉద్యోగం. నవ్వకండి. తొంభైల మధ్యలో మా ఊళ్లో అది నిజంగానే వెతకాల్సిన సరుకు. ఊరంతా నంబర్లు వేసిన సెక్టార్లు. ఇరవయ్యేళ్ల వయసులో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చి ఉక్కు కార్ఖానాలో చేరిన తరం మా నాన్నది. ఉద్యోగం ఉన్నన్నాళ్లే క్వార్టర్. రిటైరైతే తాళాలు అప్పజెప్పి పోవాలి. ఊరి నక్షా గీసిన పెద్దమనుషులు ముసలితనానికి ఒక్క గది కూడా గీయలేదన్నమాట. ఎనభై దాటిన మనిషి ఎక్కడైనా కనబడితే, కొడుకు దగ్గరికి వచ్చి చేరిన తల్లో తండ్రో అయ్యుండాలి.

మా మామ్మ అలా వచ్చినదే. నాన్నకి తల్లి. ఆవిడకి ఎనభై నాలుగని నాన్న లెక్క, ఎనభై తొమ్మిదని ఆవిడ లెక్క, కార్ఖానా ఆస్పత్రి వాళ్ల మెడికల్ బుక్కులో మాత్రం డెబ్భై ఆరు. ఆ పుస్తకం రాసినాయన హిందీలో వయసెంతని అడిగితే ఈవిడ "అలాగే బాబూ" అందట. ఆయన తనకి నచ్చిన అంకె వేసుకున్నాడు. మాది పై అంతస్తు క్వార్టర్, నిటారు మెట్లు. వచ్చిన నాలుగేళ్లలో ఆవిడ ఆ మెట్లు దిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆవిడకి ఒక్కటే కోరిక. ఉతైలో ఉన్న చెల్లెల్ని చూడాలి. ఆ చెల్లెలి కొడుకు ఉతైలో బట్టల కొట్టు పెట్టుకున్నాడు. ఉతై అంటే కాశీ కాదు, రామేశ్వరం కాదు, మా ఇంటి నుంచి గంట ప్రయాణం కూడా ఉండదు. కానీ మామ్మ స్కూటర్ మీద కూర్చోలేదు, బస్సు మెట్టు ఎక్కలేదు. నాన్నకి షిఫ్టు డ్యూటీలు. అప్పచెల్లెళ్లు మొహాలు చూసుకుని ఆరేళ్లయింది.

"ఓపికుండగా ఓపాలి ఉతై తీసుకెల్లవే అమ్మీ," అనేది నాతో, రోజూ, కాఫీ గ్లాసు అందుకుంటూ. "అది నాకన్న సిన్నది. నాయానికి అదే రావాల. దానికి ఓపిక నేదు గావాల, పాపం. అందుకే నానెల్తానంటన్నాను."

ఇప్పుడు నా తెలుగు గురించి చెప్పుకోవాలి. ఇవాళ ఇలా రాస్తున్నాను గానీ, అప్పటికి నాకు తెలుగు అక్షరాలే రావు. హిందీ మీడియం చదువు, హిందీ స్నేహాలు, ఇంట్లో అమ్మతో మాత్రం సగం తెలుగు, సగం భిలాయి. ఒంట్లో సత్తువకి మా ఇంట్లో మాట 'తాకత్'. "తాకత్ నేదురా బాబూ," అనేది అమ్మ, గోధుమల డబ్బా దించలేక. 'ఓపిక' అన్న మాట ఆవిడ నోట ఒకే ఒక్క సందర్భంలో వినేదాన్ని: "కాస్త ఓపిక పట్టవే, పప్పు ఉడకొద్దా!" కాబట్టి నా నిఘంటువులో ఓపికంటే సబ్ర్, సహనం. అంతే. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని, మా మామ్మ తరానికి అదే మొదటి అర్థమని ఎవరూ నాకు చెప్పలేదు. ఎందుకు చెబుతారు? తెలుగువాళ్లకి ఆ సంగతి ఒకళ్లు చెప్పాలా!

అందుచేత మామ్మ రోజూ అనే మాట నాకెలా వినబడేదంటే: "నా సహనం ఉన్నంతసేపే చూస్తాను, తరవాత నీ ఇష్టం." బెదిరింపన్నమాట. పైగా "దానికి ఓపిక లేదు" అంటోంది కదా, ఉతై ముసలావిడకి ముక్కు మీద కోపమనీ, ఇద్దరికీ ఏదో పాత తగాదా ఉందనీ, కలిస్తే జుట్లు పట్టుకుంటారనీ నాకు నేనే ఒక పెద్ద కథ అల్లుకున్నాను. ఓసారి ఒళ్లు మండి అరిచాను కూడా.

"నాకూ ఓపిక లేదు మామ్మా! ఊరికే చంపకు!"

మామ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జొరమేటే? ఈ వొయిసుకే ఓపిక నేకపోడమేటే!" అని వంటింటి వైపు తిరిగి, "ఒసే కోడలా, ఈ గుంటకి రేపట్నుంచి గుడ్డు పెట్టు, నీరసించిపోనాది," అని కేకేసింది. వెటకారం చేస్తోందనుకున్నాను. మర్నాడు నిజంగానే గుడ్డు వచ్చింది. విసురుగా తోసేశాను.

ఉద్యోగం సంగతికొస్తాను. రాయపూర్ నుంచి ఒక డాక్టర్ మేడమ్ వచ్చారు. ఎనభై దాటినవాళ్ల ఆరోగ్యం, వాళ్ల బతుకు ఎంత నాణ్యంగా ఉంది, ఇదీ ఆవిడ పరిశోధన. ఒక అద్దె జీపు, దొంతరలకొద్దీ ఫారాలు, నాలుగు రంగులు రాసే పెన్ను. మంచావిడే, ఎవరినీ కసరగా చూడలేదు. భిలాయిలో తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి తెలుగు వచ్చిన అమ్మాయి కావాలన్నారు. బీయే ప్యాసై ఇంట్లో ఈగలు తోలుకుంటున్న నేను "వచ్చు మేడమ్," అన్నాను. ఆ ధీమా తలుచుకుంటే ఇప్పుడు నాకే భయం వేస్తుంది.

మేడమ్ మాట్లాడేదంతా హిందీ. మొదటిరోజే రెండు నియమాలు చెప్పారు. అడగవలసింది అడగాలి, చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో సొంత కవిత్వం వద్దు. ఇది ఒకటి. సొంత ఇంటివాళ్లను ప్రశ్నలడగకూడదు. ఇది రెండు. ఇంటి మనిషైతే మనకి ముందే తెలుసనుకుంటాం, సరిగా వినం, అన్నారు. ఎంత సైంటిఫిక్‌గా ఉందో అని మురిసిపోయాను.

హిందీ ప్రశ్నలను తెలుగు చేసే పని నాది. ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గర నా ప్రతిభ బయటపడింది. మీలో మునుపటిలా 'ధైర్య్' ఉందా, అని ప్రశ్న. హిందీలో ఆ మాటకి సహనమని అర్థం. నేను చెయ్యెత్తి, "మేడమ్, దీన్ని ఇలాగే తీసుకెళ్తే కొంప మునుగుతుంది. మావాళ్లు ధైర్యమంటే గుండె దిటవు అనుకుంటారు, దెయ్యాల గురించి అడుగుతున్నామనుకుంటారు," అన్నాను.

"మరేమనాలి?"

"ఓపిక."

"శాబాష్ బేటీ!" అని మేడమ్ బోర్డు మీద ఆ మాటని నాగరి లిపిలో రాసి, కింద ఎర్రగీత గీశారు. ఒక గోతిని చూసి తప్పుకుని, పక్క గోతిలో కాలు పెట్టడమంటే ఏమిటో నాకు ఆరోజు తెలియదు. నాకైతే ఏనుగెక్కినంత సంబరం.

ఒంట్లో తాకత్ ఉందా అన్నది ఇంకో ప్రశ్న. తాకత్ అనేది మన మాట కాదని అప్పుడే జ్ఞానోదయమై, దర్జాగా 'బలం' అని పెట్టాను. బతుకు నాణ్యానికి హిందీలో 'గుణవత్తా' అని ఉంటే, దాన్ని 'బతుకు గుణం' చేశాను. ఇక ఆ ఫారం పట్టుకుని క్యాంప్ టూలో పడ్డాను.

క్యాంప్ టూ అంటే క్వార్టర్లు కావు, కార్ఖానా కట్టేటప్పుడు కూలీల కోసం వెలిసిన బస్తీ; ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. సైకిళ్లు, నీళ్ల డ్రమ్ములు, మంచాలు అన్నీ సందులోనే. మొదటి ఇంట్లో ఒక పెద్దావిడ గోడకి చేరగిలబడి కూర్చుంది. పేరు, ఊరు అయ్యాక, "బలముందా మామ్మా?" అన్నాను.

"బలానికేటమ్మా కొదవ!" అంది, మెరిసిపోతూ. "నలుగురు కొడుకులు. ముగ్గురు ప్లాంటులోనే. నానొక్క కేకేస్తే ఈ సందు సందంతా ఒచ్చి నిలబడతాది."

బలం: ఉంది. టిక్కు పెట్టాను.

"మునుపటిలా ఓపికుందా?"

"ఓపికెక్కడిదమ్మా. తీరిపోనాది."

సహనం: లేదు. ఇంకో టిక్కు. ఆ తరవాత ఆవిడ పక్కనున్న నీళ్ల చెంబుని రెండు చేతులతో పట్టుకుని, మోకాలి మీద ఆన్చి, అక్కణ్నుంచి నోటి దాకా తెచ్చుకుంది. అదంతా నా కళ్ల ముందే జరిగింది. దానికి ఫారంలో గడి లేదు, కాబట్టి నాకు అది కనబడలేదు.

రెండు సందుల అవతల ఇంకో ముసలావిడ. ముందు ప్రశ్నలన్నిటికీ సుబ్బరంగా జవాబులిచ్చింది. చివర్లో, "మీ బతుకు గుణం ఎలాంటిది మామ్మా? మంచిదా, మధ్యస్థమా, చెడ్డదా?" అని అడిగాను. అంతే.

"నా గునం కోసం అడగడానికి నువ్వెవులివే?" అని లేచింది. లేచిందంటే, లేవబోయింది. "నలబయ్యేల్లయినాది ఈ వాడకొచ్చి. నా గునం కోసం ఒక్కడు, ఒక్కడు మాట్టాడినాడా? పుస్తకం అట్టుకొని ఒచ్చేసినాదమ్మా మహా!" మూలనున్న చీపురు కోసం చెయ్యి చాచింది. అందలేదు. ఆయాసపడుతూ మళ్లీ కూలబడింది. నేను బతుకు జీవుడా అని సందులోకొచ్చి, నిలబడే, 'ఓపిక లేదు' పక్కన రెండు టిక్కులు పెట్టాను. బలం కూడా ఉందనే వేశాను, అంత గొంతున్న మనిషి కదా అని.

ఇలా నెలన్నర తిరిగాను. ఏ ఇంటికెళ్లినా అదే వరస. బలముంది, ఓపిక లేదు. కొడుకు ఒక్కడే ఉన్నవాళ్లకి బలం కాస్త తగ్గింది, ఆడపిల్లలే ఉన్నవాళ్లకి లేనేలేదు. నాకే వింతగా అనిపించి మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసి, "చాలా ఆసక్తికరం, విడిగా రాసుకో," అన్నారు.

ఫారాలన్నీ కూడేశాక మేడమ్ ఒక చార్టు గీసి గోడకి అంటించారు. హిందీవాళ్లు, ఛత్తీస్‌గఢీలు, బెంగాలీలు అందరివీ ఒద్దికైన గీతలు. తెలుగు ముసలివాళ్ల బలం గీత మాత్రం కాగితం అంచు తాకుతోంది, సహనం గీత నేలబారుగా ఉంది. తొంభై దగ్గరపడ్డ మల్లయోధులు, కదిపితే కొట్టేస్తారు. ఇదీ నా పరిశోధన ఫలం.

మేడమ్ పెన్ను గడ్డానికి ఆన్చుకుని ఆలోచించారు. "మిరపకాయలేమో," అన్నారు. "లేకపోతే సముద్రం ఒడ్డున పుట్టి ఇంత లోపలికి వచ్చేసినందుకు చిరాకు. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అంత వయసువాళ్లు?"

"మా మామ్మ ఉంది మేడమ్. అచ్చం ఇంతే. అస్సలు ఓపిక లేదు. రోజుకి పదిసార్లు బెదిరిస్తుంది."

"చూశావా!" అన్నారావిడ. ఇద్దరం చార్టు వైపు తృప్తిగా చూసుకున్నాం. ఆ తృప్తి తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. రిపోర్టు మొదటి భాగం టైపయి వెళ్లిపోయింది.

తరవాత, టౌన్‌షిప్ బయట ఉన్నవాళ్లను కూడా చూడాలని, మేడమ్ ఒకరోజు ఉతై ప్రయాణం పెట్టారు. ఇంట్లో నోరు జారి ఆ మాట అనేశాను. మామ్మ మొహం విప్పారింది.

"జీపులోనా? ఏ మూలనో కూకుంటానే. నీ పని నువ్వు సేసుకో. నన్ను దాని ఇంటికాడ దింపేయ్, సాలు."

"అది ఆఫీసు జీపు మామ్మా. ఇంటివాళ్లని ఎక్కించకూడదు."

"నాను ఇంకెన్నాల్లు ఓపిక దాసుకుంటానే?"

చూశారా, మళ్లీ బెదిరింపు! "నీ ఓపిక నీ దగ్గరే ఉంచుకో," అని చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాను. ఎక్కించకూడదని మేడమ్ ఏమీ అనలేదు. నేను అడగనే లేదు. మేడమ్ ఎదుట ఇద్దరు ముసలమ్మలు తిట్టుకుంటే నా పరువేం కావాలని నా భయం. ఆరోజు జీపులో మేడమ్, డ్రైవర్, నేను. వెనక సీట్లు రెండూ ఖాళీగా వెళ్లాయి.

ఉతైలో మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఇక్కడే మా మామ్మ చెల్లెలు ఉందని చెప్పాను. మేడమ్ కాసేపు ఆలోచించి, మామ్మ చెల్లెలంటే సొంత ఇంటి మనిషి కిందికి రాదని తేల్చి, ఫారం తీసుకోమన్నారు. బట్టల కొట్టు వెనకే ఇల్లు. ముసలావిడ నులక మంచం మీద కూర్చుంది. మా మామ్మ మొహమే, కాస్త చిన్న చేసి పెట్టినట్టుంది. ఎక్కడ కసురుకుంటుందోనని దూరంగా స్టూలు లాక్కుని కూర్చుని, ఫలానా వాళ్ల మనవరాలినని చెప్పాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "అప్ప బాగున్నాదా? అప్పకి ఓపికున్నాదేటమ్మా?"

"ఎక్కడుంది మామ్మా, అస్సల్లేదు," అన్నాను నవ్వుతూ. "రోజురోజుకీ తగ్గిపోతోంది."

ఆవిడ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

నేను బిత్తరపోయాను. అక్కకి కోపం ఎక్కువైందంటే ఏడుస్తుందేమిటి ఈవిడ? "అయ్యో, ఏడవకు మామ్మా. నీకూ లేదట కదా," అన్నాను ఓదార్పుగా. అదీ నా ఓదార్పు!

"నాకేటున్నాదమ్మా. నాకూ నేదు. అప్పని సూడాలని నాను మాత్రం అనుకోనేటి? సిన్నదాన్ని, నానే ఎల్లాల. ఎలగెల్తాను? ఇలగ సూడు," అని మంచం పట్టె మీద రెండు చేతులూ ఆన్చి లేవబోయింది. నడుము జానెడు లేచింది. చేతులు వణికాయి. కూలబడింది. ఊపిరి తీసుకుని మళ్లీ ప్రయత్నించింది. ఈసారి జానెడు కూడా లేవలేదు. "సూసినావా, ఇదీ నా ఓపిక," అని సిగ్గుపడుతూ నవ్వింది.

మోకాళ్లు. ఆవిడ చెబుతున్నది మోకాళ్ల గురించి, నడుము గురించి, ఊపిరి గురించి. కోపం గురించి కాదు. రెండు చేతులతో చెంబెత్తినావిడ, చీపురు అందక కూలబడినావిడ, నెలన్నరగా నేను కలిసినవాళ్లంతా ఒక్కసారిగా నా ముందుకొచ్చి నిలబడ్డారు. వాళ్ల వెనకే మా మామ్మ. 'ఓపికుండగా తీసుకెల్లవే' అంటే, నడవగలిగినన్నాళ్లలో తీసుకెళ్లమని. 'ఓపిక దాచుకోవడ'మంటే, ఉతై కోసం ఒంట్లో ఉన్న ఆ కాస్త సత్తువనీ ఖర్చుపెట్టకుండా అట్టేపెట్టుకోవడం. ఈ మధ్య ఆవిడ బాల్కనీ దాకా కూడా రావడం మానేసింది ఎందుకో నాకప్పుడు అర్థమైంది. మేడమ్ "ముప్ఫై ఒకటి అడిగావా?" అని గుర్తుచేశారు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో మేడమ్‌కి అంతా చెప్పేశాను. ఆవిడ విని, "అంటే మల్లయోధులు కాదన్నమాట," అన్నారు. రిపోర్టు ఎలాగూ వెళ్లిపోయింది, రెండో భాగంలో కింద చిన్న అక్షరాల్లో ఒక వివరణ వేద్దామన్నారు. ఎనభై ఏళ్ల ఓపికకి చిన్న అక్షరాల వివరణ! అయినా ఆవిడననడానికి నాకు నోరెక్కడిది? "మేడమ్, ఆదివారం ఈ జీపు ఒక్క పూట ఇప్పిస్తారా?" అని అడిగాను. "తప్పకుండా," అన్నారు, వెంటనే, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా. అడిగితే మొదట్లోనే ఇచ్చేవారు.

ఇంటికెళ్లి మామ్మ దగ్గర కూర్చుని ఆదివారం ప్రయాణమని చెప్పాను. నా తప్పు గురించి కూడా చెప్పాను. ఓపికంటే నేనేమనుకున్నానో విని, మామ్మ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. "ఓసి నీ తెలుగు తగలెయ్య! నాకు కోపమనుకున్నావేటే ఇన్నాల్లూ? నీ మీద నాకు కోపమేటే?" అంది. నవ్వింది కదా, పోనీలే అనుకున్నాను. ఆ నాలుగు రోజులూ మంచం దిగకుండా పడుకుంది. స్నానం కూడా ఆదివారానికి వాయిదా వేసింది.

ఆదివారం పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుంది. కింద జీపు హారన్ మోగింది. ఒక పక్క నాన్న, ఒక పక్క నేను. మొదటి మెట్టు దిగింది. రెండోది దిగింది. నాలుగో మెట్టు మీద "ఉండండి," అంది. ఆరో మెట్టు మీద కాళ్లు మడతపడ్డాయి. పట్టుకుని అక్కడే కూర్చోబెట్టాం. చెమటలు కారిపోతున్నాయి. నాన్న పై నుంచి కుర్చీ తెచ్చి, కింది ఇంటివాళ్లని పిలిచి మోసుకెళ్దామన్నాడు.

"ఒద్దురా," అంది మామ్మ. "నలుగురు మొయ్యడానికి నానేటి సచ్చిపోనానేటి? ఆ పని ఆ రోజుకి ఉంచండి." గోడకి తల ఆన్చి కాసేపు కళ్లు మూసుకుంది. తరవాత నా వైపు తిరిగి, "అయిపోనాదే అమ్మీ. ఉన్నదాకా అట్టుకునే ఉన్నాను. నెల ముందయితే దిగిపోదును. నువ్వెల్లు. దాన్ని సూసి, ఎలగున్నాదో నాకొచ్చి సెప్పు," అంది. నన్ను తప్పుపట్టడానికి అనలేదు ఆ నెల మాట. లెక్క చెప్పింది, అంతే. అలా అన్నందుకే నేను జీపులో ఏడ్చుకుంటూ వెళ్లాను.

ఉతైలో చెల్లెలు ఆరోజు కూర్చోలేదు కూడా. పడుకునే ఉంది. పిలిస్తే కళ్లు తెరిచి, "అప్పొచ్చినాదా?" అని నా వెనక్కి చూసింది. రాలేదంటే, సరే అన్నట్టు తలూపి మళ్లీ కళ్లు మూసుకుంది. మూడు రోజుల నుంచీ ఇలాగే ఉందని, ముద్ద దిగడం లేదని కోడలు చెప్పింది.

తిరుగు ప్రయాణంలో నేనొక నిర్ణయానికొచ్చాను. చెప్పింది చెప్పినట్టు రాసి ఇంత నాశనం చేశాను కదా, ఇక చాలు. మామ్మకి కావాల్సింది ఒక మంచి కబురు. ముసలి ప్రాణం, తృప్తిగా ఉండనీ. నా తెలివి ఎప్పుడూ ఇలాంటప్పుడే పనిచేస్తుంది.

మామ్మ తలుపు వైపే చూస్తూ పడుకుని ఉంది. "సూసినావా? ఎలగున్నాది? ఓపికున్నాదేటి దానికి?"

"ఉంది మామ్మా! నిక్షేపంలా ఉంది. లేచి తిరుగుతోంది. కొట్లోకి కూడా వెళ్లొస్తోంది."

"తిరగతన్నాదా?"

"బ్రహ్మాండంగా!"

మామ్మ సంతోషించిందనుకుని, కాళ్లు కడుక్కోవడానికి లేచాను. అప్పుడంది, నాతో కాదు, గోడతో అన్నట్టు.

"అయితే ఓపికుండే రానేదన్నమాట."

ఇన్నేళ్లుగా ఆవిడ చెల్లెల్ని వెనకేసుకొచ్చింది ఆ ఒక్క మాటతోనే. దానికి ఓపిక లేదు గావాల, పాపం. ఆ ఆసరా నేను ఒక్క టిక్కుతో లాగేశాను.

"కాదు మామ్మా, అబద్ధం చెప్పాను!" అని మంచం పక్కన కూలబడ్డాను. "లేవలేకపోతోంది. అన్నం తినడం లేదు. నువ్వు బాధపడతావని అలా అన్నాను. ఒట్టు."

"ఊరుకోయే," అంది మామ్మ, చాలా మెత్తగా. "నాకోసం దానికి నేని రోగం అంటగట్టకు. బాగున్నాదిగా. బాగుండనీ. కొట్టుకెల్లొస్తందంటే మాటలేటి?" నా తల నిమిరింది. "రాకపోతే మానె. సిన్నప్పుడూ దానికి నా మీద అంత ఇది నేదులే."

నేను నాన్న చేత చెప్పించాను, అమ్మ చేత చెప్పించాను. అందరికీ "అవునవును," అని తలూపింది. ఎవరినీ నమ్మలేదు. ఉతై తీసుకెళ్లమని మళ్లీ అడగలేదు.

ఇరవై రోజులకి చెల్లెలు పోయిందని ఆ కొడుకు ఫోన్ చేశాడు. మామ్మకి నేనే చెప్పాను. ఆవిడ ఏడవలేదు. నా మొహంలోకి అయోమయంగా చూసింది.

"ఓపికున్న మనిషి గదే," అంది. "అంతట్లోనే ఏటయిపోనాది?"